అడ్రసులకూ ఒక అడంగల్ కావాలి



మన శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళిలో గానీ, టెక్కలిలో గానీ, పలాసలో గానీ ఆఫీసు పని మీద వెళ్ళినవాళ్ళు ఏదో ఒక రోజు ఈ మాట వినే ఉంటారు: "సర్వర్ డౌన్ అయిందండీ, రేపు రండి." భావనపాడు నుంచి వేట మానుకుని వచ్చిన మత్స్యకారుడికి ఆ రేపు అంటే ఒక రోజు సంపాదన. ఉద్దానంలో డయాలిసిస్ చేయించుకుంటూ పింఛను కాగితం కోసం వచ్చిన మనిషికి ఆ రేపు అంటే, ఉన్న కాస్త ఓపికా ఖర్చయిపోవడం. కొన్నిసార్లు సర్వర్‌కి నిజంగానే ఇబ్బంది వస్తుంది. కొన్నిసార్లు మాత్రం ఎక్కడో దూరాన ఉన్న ఆ సర్వర్ నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. మన ముందున్న గదిలో ఒక కంప్యూటర్ అడ్రసు తారుమారై ఉంటుంది, అంతే.

ఈ రోజు ఆ అడ్రసుల గురించే మాట్లాడతాను. వందల కంప్యూటర్లున్న పెద్ద సంస్థలో ఏ యంత్రానికి ఏ అడ్రసు ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి, ఇచ్చింది ఎక్కడ రాసి ఉంచాలి అన్నది విషయం. ఇది సాంకేతిక సిబ్బంది చూసుకునే చిన్న పని అని చాలామంది అనుకుంటారు. ఆఫీసులో కొత్త కంప్యూటర్లు కొనడానికి చూపే శ్రద్ధలో పదో వంతు ఈ అడ్రసుల చిట్టా మీద చూపితే, జనం తిరగాల్సిన తిరుగుళ్ళు ఎన్నో తగ్గుతాయని నా గట్టి నమ్మకం.

ముందుగా అడ్రసు అంటే ఏమిటో చూద్దాం. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య ఉండాలి. దాన్నే ఐపీ అడ్రస్ అంటాం. మనకి ఎక్కువగా కనిపించేది నాలుగు గుంపుల అంకెలు, మధ్యలో చుక్కలు, ఉదాహరణకి 10.20.4.15. ఒక్కో గుంపు 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. కంప్యూటర్‌కే కాదు, ప్రింటర్‌కి, గోడ మీది కెమెరాకి, వేలిముద్ర వేసే హాజరు యంత్రానికి, వైఫై పెట్టెకి కూడా ఇది కావాలి. ఒకే చోట రెండు యంత్రాలకి ఒకే అడ్రసు పడిందంటే, ఒకరికి రావాల్సిన ఉత్తరాలు ఇంకొకరికి చేరతాయి, రెండింటి పనీ కుంటుపడుతుంది.

ఈ పద్ధతి 1981 సెప్టెంబర్‌లో ప్రమాణంగా వెలువడింది. అందులో ఉండగలిగే అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లు. అప్పట్లో ప్రపంచమంతటికీ అవి చాలా ఎక్కువ అనిపించాయి. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 3న, ప్రపంచ స్థాయి నిల్వలోని చివరి ఐదు పెద్ద భాగాలను ఐదు ప్రాంతీయ సంస్థలకి తలొకటి పంచేశారు. మన ఆసియా పసిఫిక్ వాటా చూసే ఏపీనిక్ అనే సంస్థ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 15 నుంచి అది కూడా ఉన్నదాన్ని కొద్దికొద్దిగా కొలిచి ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశంలో అడ్రసులు కేటాయించే ఐఆర్ఐఎన్ఎన్ అనే విభాగాన్ని నిక్సీ అనే సంస్థ నడుపుతోంది.

మరి అడ్రసులు అయిపోతే ఆఫీసులు ఎలా నడుస్తున్నాయి? 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఒక ప్రమాణం మూడు భాగాలను లోపలి వాడకానికి విడిచిపెట్టింది. 10తో మొదలయ్యే అడ్రసులు కోటీ అరవై ఏడు లక్షలకి పైగా ఉన్నాయి. 172.16 నుంచి 172.31 వరకు పది లక్షలకి పైన. 192.168తో మొదలయ్యేవి 65,536. వీటిని ఎవరైనా తమ ప్రహరీ లోపల వాడుకోవచ్చు. బయటి ఇంటర్నెట్‌లో ఇవి చెల్లవు. ఆఫీసు గుమ్మం దగ్గరున్న రౌటర్ లోపలి వందమంది తరఫున బయటికి ఒకే అడ్రసుతో మాట్లాడుతుంది. మీ ఇంట్లో వైఫై రౌటర్ చేస్తున్నదీ ఇదే.

లోపల వాడుకోవడానికి కోటి పైచిలుకు అడ్రసులు ఊరికే దొరికాయి కదా అని, అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చుకుంటూ పోవడం దగ్గరే తిప్పలు మొదలవుతాయి. వచ్చిన వరసలో ఇచ్చేస్తే, నాలుగేళ్ళకి ఏ అడ్రసు ఏ ఊళ్ళో ఉందో చెప్పగలిగే మనిషి ఉండడు. అందుకే ముందు కాగితం మీద పంపకం జరగాలి.

మన శ్రీకాకుళం జిల్లాలో 2022 విభజన తర్వాత 30 మండలాలున్నాయి. ప్రతి మండలంలో ఒక శాఖ ఉన్న సంస్థని ఊహించుకోండి. 10.20తో మొదలయ్యే 65,536 అడ్రసులు దాని చేతిలో ఉన్నాయి. ఒక్కో శాఖకి 256 చొప్పున నాలుగు వరుస భాగాలిద్దాం. మొదటిది సిబ్బంది కంప్యూటర్లకి, రెండోది ప్రింటర్లు, కెమెరాలు, హాజరు యంత్రాలకి, మూడోది వచ్చేపోయేవాళ్ళ ఫోన్లకి, నాలుగోది రేపటి అవసరానికి ఖాళీగా. శాఖకి 1,024 చొప్పున 30 శాఖలకి 30,720 అవుతాయి. సగానికి పైగా ఇంకా చేతిలోనే మిగులుతుంది. మొదటి శాఖకి 10.20.0 నుంచి 10.20.3 వరకు, రెండో శాఖ సంతబొమ్మాళి అనుకుంటే దానికి 10.20.4 నుంచి 10.20.7 వరకు. ఇప్పుడు నేను ఇందాక చెప్పిన 10.20.4.15 ఎక్కడిదో మీరే చెప్పేయగలరు. సంతబొమ్మాళి శాఖలో సిబ్బంది వాడే కంప్యూటర్. రాత్రి పదింటికి జిల్లా కేంద్రంలో కూర్చున్న మనిషి ఫోన్ మీద ఆ అంకె వినగానే అది ఏ ఊరిదో, ఏ రకం యంత్రమో తెలుసుకుంటాడు. పైగా నాలుగు భాగాలూ వరుసగా ఉన్నాయి కాబట్టి జిల్లా రౌటర్‌లో ఒక్కో మండలానికి ఒక్క వాక్యం రాస్తే చాలు. ప్రింటర్ల భాగం నుంచి బయటి ఇంటర్నెట్‌కి వెళ్ళనివ్వం అని ఒక నియమం పెడితే 30 శాఖలకీ అదే వర్తిస్తుంది. అతిథుల ఫోన్లు సిబ్బంది కంప్యూటర్లని చూడకుండా కట్టడి చేయడమూ సులువే.

పంపకం అయ్యాక, అడ్రసు యంత్రానికి చేరడం రెండు రకాలు. దీన్ని మన భూమి లెక్కతో చెబుతాను, రైతు కుటుంబాల వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. సర్వే నంబరు మామూలుగా మారదు. పట్టాదారు పేరు 1బీ రికార్డులో ఉంటుంది, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఈ పంటకి భూమి ఎవరి సాగులో ఉందో అడంగల్‌లో ఉంటుంది, అది మారుతూ ఉంటుంది. కంప్యూటర్ అడ్రసుల్లోనూ ఇంతే. సర్వర్, ప్రింటర్, రౌటర్ లాంటివి పట్టాదారులు. వాటి అడ్రసు స్థిరంగా ఉండాలి, ఎందుకంటే మిగతా యంత్రాలన్నీ వాటిని ఆ అడ్రసుతోనే వెతుక్కుంటాయి. సిబ్బంది కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కౌలుదార్లు. వాటికి గడువు పెట్టి అడ్రసు ఇస్తారు. గడువు తీరాక అవి రాకపోతే అదే అడ్రసు ఇంకొకరికి పోతుంది.

ఈ కౌలు పనిని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు చూసుకుంటుంది. 1993లో మొదలై 1997లో ఇప్పటి రూపానికి వచ్చింది. ఉదయం మీరు కంప్యూటర్ ఆన్ చేయగానే అది "నాకు అడ్రసు ఇచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని నెట్‌వర్క్ అంతా వినిపించేలా అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ "ఇదిగో, ఈ అడ్రసు ఖాళీగా ఉంది" అంటుంది. "అయితే అదే నాకివ్వండి" అని కంప్యూటర్, "ఇచ్చాను, ఇంత గడువు" అని సర్వర్. నాలుగు మాటల్లో ఒప్పందం ముగుస్తుంది. గడువులో సగం గడవగానే కంప్యూటర్ తనంతట తానే పొడిగింపు అడుగుతుంది. ఎవరి దగ్గరి నుంచీ జవాబు రాకపోతే విండోస్ కంప్యూటర్ 169.254తో మొదలయ్యే ఒక అడ్రసు తానే తగిలించుకుంటుంది. ఆ అంకె కనిపించిందంటే సర్వర్ మీద నెపం పెట్టకముందు, కేబుల్, యంత్రాలని కలిపే స్విచ్, డీహెచ్‌సీపీ ఈ మూడూ చూసుకోవాలని అర్థం.

ఇప్పుడు ఆఫీసుల్లో నిజంగా ఎదురయ్యే మూడు ఇబ్బందులు చెబుతాను.

మొదటిది, రెండు యంత్రాలకి ఒకే అడ్రసు. ఒక ఆఫీసులో ప్రింటర్‌కి చేత్తో అడ్రసు పెట్టారు. బాగానే ఉంది. కానీ ఆ అడ్రసుని డీహెచ్‌సీపీ పంచే ఖాళీల్లోంచి తీసేయలేదు. ఒక సోమవారం ప్రింటర్ ఆపి ఉన్న సమయంలో అదే అడ్రసు కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కి వెళ్ళింది. ప్రింటర్ ఆన్ చేశాక ఇద్దరూ తగువులో పడ్డారు. ప్రింట్లు కాసేపు వస్తాయి, కాసేపు రావు. ఇలాంటి జబ్బే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పూర్తిగా ఆగిపోదు. ప్రింటర్ పాడైందని కొత్తది కొనేదాకా వెళ్ళే ఆఫీసులూ ఉంటాయి. దీనికి మందు తేలిక. స్థిరమైన అడ్రసులకి ఒక భాగం, పంచే అడ్రసులకి వేరే భాగం పెట్టాలి. ఇంకా మేలైన దారి రిజర్వేషన్. ప్రింటర్ తయారైనప్పుడే దానిలో ముద్రించిన మ్యాక్ అడ్రస్ అనే గుర్తు ఉంటుంది. "ఈ గుర్తున్న యంత్రానికి ఎప్పుడూ ఈ అడ్రసే" అని డీహెచ్‌సీపీ సర్వర్‌లో రాస్తే, స్థిరత్వమూ ఉంటుంది, లెక్కంతా ఒకే చోటా ఉంటుంది.

రెండోది, ఇంటి నుంచి తెచ్చిన వైఫై రౌటర్. గదిలో సిగ్నల్ రావడం లేదని ఎవరో మంచి ఉద్దేశంతోనే తమ రౌటర్ తెచ్చి గోడలోని పోర్టుకి తగిలిస్తారు. ఆ చిన్న పెట్టెలో కూడా ఒక డీహెచ్‌సీపీ ఉంటుంది. పొరపాటున దాన్ని లోపలివైపు పోర్టుకి కలిపితే, అది ఆఫీసు కంప్యూటర్లకి తన 192.168 అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. ముందు జవాబిచ్చినవాడి మాటే కంప్యూటర్ వింటుంది కాబట్టి, సగం ఆఫీసుకి పని ఆగిపోతుంది, సగానికి సాగుతుంది. మంచి స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సదుపాయం ఉంటుంది. ఫలానా పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ అడ్రసులు పంచే జవాబులు రానివ్వకూడదని దానిలో రాయవచ్చు. చాలా ఆఫీసుల్లో ఆ స్విచ్ ఉంటుంది, ఆ ఒక్క వాక్యం మాత్రం ఎవరూ రాసి ఉండరు.

మూడోది, అడ్రసులు అయిపోవడం. జనం రద్దీ ఉన్న చోట అతిథుల వైఫైకి 254 అడ్రసులు పెట్టి, గడువు 8 రోజులు ఉంచేశారనుకోండి. విండోస్ సర్వర్‌లో మనం మార్చకపోతే ఉండే గడువు అదే. రోజుకి 60 మంది కొత్తవాళ్ళు వస్తే నాలుగు రోజులకి 240 అయిపోతాయి. ఐదో రోజు పదిహేనో మనిషికి అడ్రసు లేదు. అప్పటికి మొదటి రోజు వచ్చినవాళ్ళు ఎప్పుడో ఇళ్ళకి వెళ్ళిపోయారు, వాళ్ళ పేర్ల మీద అడ్రసులు మాత్రం బందీగా ఉన్నాయి. గడువుని రెండు గంటలకి తగ్గిస్తే అవే 254 అడ్రసులు ఏళ్ళ తరబడి సరిపోతాయి. పైసా ఖర్చు లేదు.

ఈ మూడు ఇబ్బందులూ ఆలస్యంగా బయటపడడానికి కారణం ఒక్కటే. ఏ అడ్రసు ఎవరి దగ్గరుందో ఒక్క చోట రాసి లేకపోవడం. రాసి ఉన్నా, ఒకరి ల్యాప్‌టాప్‌లోని ఎక్సెల్ షీట్‌లో ఉండి, ఆయన బదిలీ అయ్యాక ఆయనతో పాటే వెళ్ళిపోవడం. చిట్టాలో ఏముండాలంటే, అడ్రసు, యంత్రం పేరు, మ్యాక్ అడ్రస్, ఏ ఊరు, ఏ గది, స్విచ్‌లో ఎన్నో పోర్టు, ఎవరు బాధ్యులు, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు తీసేశారు. చివరిది అందరూ మరిచిపోతారు. పాత కంప్యూటర్ మూలకి చేరి రెండేళ్ళవుతుంది, దాని అడ్రసు ఇంకా లెక్కలో బతికే ఉంటుంది. యంత్రాన్ని స్టాకు పుస్తకంలోంచి కొట్టేసిన రోజునే అడ్రసునీ విడిపించాలి. నెలకోసారి నెట్‌వర్క్‌ని స్కాన్ చేసి, నిజంగా కనిపించే యంత్రాలనీ చిట్టానీ సరిపోల్చాలి. చిట్టాలో లేనిది నెట్‌వర్క్‌లో కనిపిస్తే, అది ఎవరిదో ఆ రోజే కనుక్కోవాలి. చిన్న ఆఫీసుకి అందరూ చూడగలిగే ఒక షీట్ చాలు. పెద్ద సంస్థకి దీనికోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నెట్‌బాక్స్, పీహెచ్‌పీఐపామ్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి.

ఇంటర్నెట్ పుట్టిన నాళ్ళలో కూడా పని ఇలాగే నడిచింది. అమెరికాలో జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త ఏ నెట్‌వర్క్‌కి ఏ సంఖ్య ఇచ్చారో ఏళ్ళ తరబడి తన బాధ్యతగా రాసి ఉంచారు. 1998 అక్టోబర్‌లో చనిపోయేవరకూ ఆ బాధ్యత మోశారు. 1970లు, 80లలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫీన్లర్ నాయకత్వంలోని బృందం నెట్‌వర్క్‌లోని యంత్రాల పేర్లూ అడ్రసులూ ఉన్న ఒకే ఒక్క ఫైలుని నిర్వహించేది. కొత్త కంప్యూటర్ కలిపినవాళ్ళు ఆ కార్యాలయానికి చెబితే వాళ్ళు చేర్చేవారు, మిగతావాళ్ళు ఆ ఫైలు నకలు తీసుకునేవారు. యంత్రాలు పెరిగి ఒక ఫైలు సరిపోకే 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్ల పద్ధతిని రూపొందించారు. ఇంత పెద్ద వ్యవస్థ మొదట్లో నిలబడింది ఓర్పుగా లెక్క రాసిన మనుషుల మీద. మన ఆఫీసుల్లో ఆ పని చేసే మనిషికి కూడా అంత గౌరవం దక్కాలి.

మన ప్రాంతంలో ఈ అవసరం రోజురోజుకీ పెరుగుతోంది. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక కంప్యూటర్ పల్లె దాకా వచ్చింది. రాష్ట్రమంతా కలిపి అవి 15 వేలు. ఒక్కో చోట కొద్దిపాటి యంత్రాలే అనుకున్నా మొత్తం కలిపితే ఎంతవుతుందో ఊహించండి. పలాసలో 2023 డిసెంబర్ 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అలాంటి పెద్ద ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం తీసిన బొమ్మలు భద్రపరిచే సర్వర్‌కి వెళ్ళాలి. ఆ సర్వర్ అడ్రసుని స్కానింగ్ యంత్రంలో సాధారణంగా చేత్తోనే రాస్తారు. ఆ అడ్రసుని ఇంకో కంప్యూటర్ ఆక్రమిస్తే డాక్టర్ తెర మీదికి బొమ్మ రాదు, రోగి బల్ల మీద ఎదురుచూస్తూ ఉంటాడు. మన సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట రేవుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు అంటే ఓడలూ క్రేన్లే అనుకోకూడదు. తూకం వేదికలు, గేట్ల దగ్గర కెమెరాలు, కస్టమ్స్ కార్యాలయం, గోదాముల లెక్కలు, అన్నిటికీ అడ్రసులు కావాలి. గోడలు లేచాక నెట్‌వర్క్ గురించి ఆలోచించడం కాకుండా, పునాదుల నాడే అడ్రసుల పంపకం కాగితం మీద ఉంటే తర్వాత ఇరవై ఏళ్ళు సుఖం.

ఇంకో కారణం మనకి ప్రకృతి నేర్పింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం తీరాన్ని తాకింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, వేల కరెంటు స్తంభాలు పడిపోయాయి. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ తీగలు వెళ్ళేది ఎక్కువగా ఆ స్తంభాల మీదే. అలాంటి రోజు తర్వాత తీగ మళ్ళీ లాగుతారు, తడిసిన స్విచ్ మారుస్తారు. కానీ ఆ స్విచ్‌లో ఏముండేదో, ఆ గదిలో ఏ యంత్రానికి ఏ అడ్రసో రాసిన కాగితం అదే గదిలో తడిసిపోతే ఏం చేయాలి? తుపాను దారిలో బతికే మనవాళ్ళకి ఈ చిట్టా నకలు ఇంకో ఊళ్ళో ఉండడం అత్యవసరం. సాయం పంపిణీ జాబితాలు, నష్టం నమోదు అన్నీ ఆ కంప్యూటర్ల మీదే జరగాలి కదా.

చట్టం కూడా ఇప్పుడు ఇదే అడుగుతోంది. సైబర్ భద్రత చూసే సెర్ట్‌ఇన్ అనే కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే పట్టీలను, 180 రోజులు భద్రపరచాలి. దాడి జరిగినట్టు తెలిస్తే ఆరు గంటల్లోగా సెర్ట్‌ఇన్‌కి చెప్పాలి. గడియారాలన్నీ అధికారిక సమయానికి సరిచేసి ఉండాలి. ఫలానా రోజు పదకొండు గంటల ఇరవై నిమిషాలకి 10.20.4.15 నుంచి ఒక తప్పుడు పని జరిగిందని లాగ్ చెబుతుంది. ఆ నిమిషాన ఆ అడ్రసు ఎవరి కౌలులో ఉందో డీహెచ్‌సీపీ లెక్క చెప్పలేకపోతే ఆ లాగ్ వృథా. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఏ పాపం తెలియని ఉద్యోగి మీద అనుమానం పడవచ్చు. సరైన చిట్టా నిర్దోషికి రక్ష.

ఇక రేపటి సంగతి. 429 కోట్లు చాలవని తెలిశాక ఐపీవీ6 అనే కొత్త పద్ధతి 1998 నాటికే తయారైంది. పాతదానికి 32 బిట్లు, దీనికి 128. అడ్రసుల కొరత అన్న మాటే ఉండదు. మన కేంద్ర ప్రభుత్వం 2010లో దీని అమలుకి బాట వేసింది. జియో 2016లో సేవలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి దీన్ని విస్తృతంగా వాడుతోంది. మీలో చాలామంది జేబులో ఫోన్‌కి ఇప్పటికే ఈ కొత్త అడ్రసు ఉంది. అడ్రసులు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి లెక్క రాయనక్కరలేదు అనుకోవద్దు. ఆ పొడవాటి అంకెలు మనిషి గుర్తుపెట్టుకోగలిగేవి కావు, అందుకే చిట్టా అవసరం ఇంకా పెరుగుతుంది. ఇప్పటి నుంచే ఆ చిట్టాలో పాత అడ్రసుకొకటి, కొత్తదానికొకటి, రెండు వరుసలు పెట్టుకోండి.

ఆఫీసుల పెద్దలకి నా మనవి. మీ దగ్గర ఈ చిట్టా ఎవరు చూస్తున్నారో ఈ వారమే అడగండి. ఎవరూ లేకపోతే ఒకరిని నియమించండి, ఆయన సెలవులో ఉంటే చూసే రెండో మనిషినీ నియమించండి. బదిలీ అయిన రోజు తాళాలు అప్పగించినట్టే ఆ చిట్టా కూడా సంతకం పెట్టి అప్పగించాలన్న నియమం పెట్టండి.

టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం, సోంపేట వైపు డిప్లొమాలు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకి ఒక మాట. బెంగళూరు, హైదరాబాద్ కొలువులకి వెళ్ళినా, మూలపేటలో పని దొరికినా, ఈ విద్య పనికొస్తుంది. ఖరీదైన ల్యాబ్ అక్కరలేదు. ఒక పాత కంప్యూటర్, ఒక స్విచ్, రెండు కేబుల్స్‌తో అడ్రసుల పంపకం, డీహెచ్‌సీపీ, రిజర్వేషన్ అన్నీ నేర్చుకోవచ్చు. మీ కాలేజీ నెట్‌వర్క్‌కి ఒక చిట్టా తయారుచేసి మీ మాస్టారికి చూపించండి. అడ్రసు ఇచ్చే ముందు రాయడం, తీసేసిన వెంటనే కొట్టేయడం, నెలకోసారి సరిచూడడం, ఈ మూడూ అలవాటు చేసుకోండి. కౌంటర్ ముందు నిలబడిన మనిషిని రేపు రమ్మనాల్సిన అవసరం మీ వల్ల తగ్గుతుంది.